పార్కు మారెమ్మ

నిన్న పొద్దున తడి పసుపు వాసన నన్ను నడిరోడ్డు మీద ఆపేసింది. హిందూపురంలో మేముండే వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. కాలనీ ప్లాను గీసినప్పుడు పార్కు కోసం వదిలిన స్థలమది. ఆ పార్కు ఇప్పటిదాకా ప్లాను దిగి నేల మీదికి రాలేదు. కంపచెట్లు, పగిలిన కమోడు, ఎవరి పెళ్ళివో ప్లాస్టిక్ గ్లాసులు, వాటి మధ్య హాయిగా పొర్లే పందులు. ఇన్ని కంపుల మధ్య పసుపు వాసన ఏమిటా అని తొంగి చూశాను. స్థలం మధ్యలో మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. ఒంటినిండా పసుపు, ఇంకా ఆరలేదు. నడుమ రూపాయంత కుంకుమ బొట్టు. ముందర కొట్టిన కొబ్బరికాయ, సగం కాలిన ఊదుబత్తి. "అయిపోయింది! ఇది కూడా అయిపోయింది!" అని పైకే అనేశాను. పాలప్యాకెట్లు పట్టుకుని పోతున్న పక్కింటి రామాంజనేయులన్న "ఏమైందమ్మా?" అని నిలబడ్డాడు. ఏమని చెప్పను? ఆ రాయికి దండం పెట్టాలో, నా తల నేను కొట్టుకోవాలో తెలియలేదు. "ఏం లేదన్నా" అని ఇంటికొచ్చేశాను. వచ్చానే గానీ, రోజంతా ఆ వాసన ముక్కును వదల్లేదు.

నేను ఈ ఊళ్ళో ఫిజియోథెరపీ చేస్తాను. నడుములు, మోకాళ్ళు, మెడలు నా బతుకుతెరువు. వచ్చిన ప్రతి మనిషికీ చివర్లో ఒకే మాట చెబుతాను, రోజూ కాసేపు నడవండి అని. వాళ్ళు కూడా కూడబలుక్కున్నట్టు ఒకే మాట తిరిగి అడుగుతారు. "యాడ నడవల్ల తల్లీ? రోడ్డు మింద లారీలు, సందుల్లో కుక్కలు, పార్కుకు పోతే గేటుకు బీగం." గోరంట్ల నుంచి వచ్చే ముసలాయనైతే ఒకసారి నా మీదే విసుక్కున్నాడు. "నడువు నడువు అంటావు, నడిచే జాగా కూడా నువ్వే రాసియ్యమ్మా మందు చీటీలో" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆ జాగా కోసం ఒక మనిషి ఎంత పోట్లాడాల్సి వస్తుందో, పోట్లాడి గెలిచాక కూడా ఎంత చికాకు మిగులుతుందో నేను దగ్గరుండి చూశాను. ఆ మనిషి నారాయణమ్మ టీచరు.

ఆమెది రొద్దం. నేను పుట్టి పెరిగిన ధర్మవరంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసేది, మా పక్కింట్లో బాడుగకుండేది. పొడుగ్గా, ఎండకు కమిలిపోయి, నేతచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని వీధిలో నడుస్తుంటే కుర్రకారు పక్కకు జరిగేది. మెడలో ఎప్పుడూ విజిల్. ఓపిక అన్నది ఆమె దగ్గర రవ్వంత కూడా ఉండేది కాదు. కొళాయి దగ్గర నీళ్ళు వృథాగా పోతున్నా, బడి గోడకు ఎవడైనా సినిమా పోస్టరు అంటించినా, ముందు విజిల్ మోగేది, తరువాత ఆమె గొంతు మోగేది. బడిలో నేను ఆమె ఖోఖో జట్టులో ఆడాను. ఇంటర్లో చేరాక కూడా ఆమె నన్ను వదల్లేదు. సాయంత్రమైతే గోడ మీది నుంచి కేక వేసేది. "ఏమే శశీ, పుస్తకం పట్టుకోని కూకుంటే కాళ్ళు యాడికి పోవల్ల? రా!"

మాది నేతగాళ్ళ వీధి. ఇంటింటా మగ్గం. నాయన పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చుంటే అన్నానికి తప్ప లేచేవాడు కాదు. లేచేటప్పుడు గోడ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ లేచేవాడు. అమ్మ కండెలు చుట్టేది, వీధిలో అందరిళ్ళకూ పోయి అచ్చు అతికేది. అంటే, మగ్గం మీద నిలువు పోగులుగా పరిచిన పాత పడుగు అయిపోవస్తుండగా, దాన్ని పూర్తిగా తెంపేయకుండా, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టడం. నడుము వంచుకుని పూటల తరబడి చేసే పని. మా వీధి ఆడవాళ్ళ నడుములన్నీ అక్కడే పోయాయి. ఇంత చేసినా వాళ్ళకు వీధిలో నడిచే యోగ్యత లేదు. చేతిలో బిందో, సంచో, పూజ పళ్ళెమో లేకుండా ఆడమనిషి గడప దాటితే చాలు, అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ "యాడికి?" అని అడిగేవాడు.

వీధి చివర పార్కు కోసం వదిలిన స్థలం ఉండేది. బోర్డు కూడా ఉండేది, తుప్పు పట్టి, ఒక కాలు మీద వాలిపోయి. ఊళ్ళో మా వైపున మిగిలిన ఖాళీ జాగా అదొక్కటే. టీచరు సాయంత్రాలు మమ్మల్ని అక్కడికే తీసుకుపోయి ఖోఖో ఆడించేది. ముందు ముళ్ళు ఏరించేది, తరువాత ఆడించేది. అంతటితో ఆగిందా? ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టింది. మా అమ్మను పిలిచినరోజు నేను అక్కడే ఉన్నాను. "రవ్వంత సేపు నడుద్దాం రాండి. ఆ నడుము కొంచెం సాగుతుంది" అంది టీచరు. అమ్మ కండె చుట్టడం ఆపకుండానే అడిగింది, "యాడికి పోవల్ల?"

"యాడికీ లేదు. ఊరికే, నడిచేదానికి."

"పనీపాటా లేకుండా ఊరికే నడిచేదేంది టీచరమ్మా? మాకేమన్నా తిక్కా?"

టీచరు బయటికొచ్చి, నెత్తిన చెయ్యి పెట్టుకుని, "మున్సిపాలిటీని మార్చొచ్చే శశీ, మీ యమ్మను మార్చేది నా వల్ల కాదు" అంది. ఆ మొదటి సగం మాత్రం తప్పని తరువాత తెలిసింది.

మున్సిపల్ ఆఫీసుకు ఆమె వెంట నేను ఎన్నిసార్లు పోయానో. ఆ మెట్ల మీద కూర్చునే నా ఇంటర్ సగం చదివాను. ఒకసారి సీటులో మనిషి ఉండడు, ఒకసారి మనిషి ఉంటే ఫైలు ఉండదు, రెండూ ఉన్నరోజు కరెంటు ఉండదు. అన్నీ కలిసొచ్చిన ఒక మధ్యాహ్నం అక్కడి ఉద్యోగి పాత ప్లాను బల్ల మీద పరిచి, ఆకుపచ్చ రంగు వేసిన ముక్క మీద వేలు పెట్టి, మాకేదో బహుమతి ఇస్తున్నంత సంతోషంగా చెప్పాడు. "పార్కు ఉండాది కదమ్మా! రికార్డులో క్లియర్‌గా ఉండాది. మీకెందుకు అనుమానం?"

"రికార్డులో పిల్లోళ్ళు ఉయ్యాల ఊగేదెట్లప్పా?" అంది టీచరు.

ఆయన నొచ్చుకున్నాడు. కంచె లేని స్థలాన్ని పార్కుగా చూపించలేమన్నాడు. అయితే కంచె వేయండి అంటే, పార్కుగా చూపించని స్థలానికి కంచె మంజూరు కాదన్నాడు. టీచరు ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకుంది. తప్పు తనకు వినపడడంలో ఉందేమో అనుకుంది పాపం. బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడి, గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయింది. "పోనీలెండి టీచర్, మళ్ళీ వద్దాం" అన్నాను. "పోనీలే, పోనీలే అంటానే అన్నీ పోగొట్టుకున్న్యాం. ఇంగోసారి నా ముందర ఆ మాట అంటివంటే చూడు" అని కసిరింది. ఆ మాట నేను ఈరోజుకీ ఎవరి దగ్గరా అనలేను.

ఇంతలో శీనప్ప వచ్చాడు. శీనప్పకు మెయిన్ రోడ్డులో పట్టుచీరల షాపు ఉండేది. మా వీధి మగ్గాల్లో సగం ఆయనకే నేసేవి కాబట్టి ఆయన ముందర గట్టిగా మాట్లాడేవాళ్ళు ఉండేవారు కాదు. నవ్వు మొహం, తెల్ల చొక్కా, ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు తానే వచ్చి నిలబడే రకం. అట్లాంటివాళ్ళతోనే పోట్లాడడం కష్టం. ఒక ఆదివారం పొద్దున ఆయన ట్రాక్టరు వచ్చి పార్కు స్థలంలో రాతి కూసాలు దించింది. ఆ పొడుగాటి కంచె రాళ్ళు ఎందుకు దిగుతాయో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొదట కుప్ప, తరువాత కంచె, ఆ తరువాత షెడ్డు. టీచరు బూట్లు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏమప్పా శీనప్పా, ఏందిది?"

"ఊరికే పడుండే జాగా కదా టీచరమ్మా. నాల్గుదినాలు పెట్టుకుంటా, మళ్ళ తీసేస్తా" అని నవ్వుతూ చెప్పి, రెండో ట్రిప్పుకు ట్రాక్టరును పంపి, ఆయన టిఫినుకు వెళ్ళిపోయాడు. టీచరు చుట్టూ చూసింది. అరుగుల మీద మగవాళ్ళు చూస్తున్నారు. ఒక్కడూ లేవలేదు. మా నాయన కూడా లేవలేదు. ఆయన నేసేది ఎవరికో ముందే చెప్పాను కదా. ఆమె మొహం చూస్తే నాకు భయం వేసింది. "శశీ, మీ ఇంట్లో పసుపు ఉండాదా? డబ్బా డబ్బా ఎత్తుకోని రా. నీళ్ళు కూడా" అంది. నేను తెచ్చేసరికి ఆమె శీనప్ప దించిన కూసాల్లో విరిగిన తుంట ఒకటి ఈడ్చుకొచ్చి, ట్రాక్టరు వచ్చే దారికి అడ్డంగా, స్థలం నట్టనడుమ గుంత తీసి పాతేసింది. ఇద్దరం కలిసి పసుపు మెత్తాం. బొట్టు పెట్టాం. వేపమండ ఒకటి తుంచి పైన పెట్టాం.

"ఏ దేవుడు టీచర్?" అని అడిగాను, కనీసం దండం పెట్టుకునేటప్పుడు పేరైనా కావాలి కదా అని.

"ఏ దేవుడైతే ఏందే, ట్రాక్టరు నిలిస్తే చాలు."

ట్రాక్టరు నిలిచింది. డ్రైవరు దూరం నుంచే చూసి ఇంజను ఆపి, చెప్పులు విడిచి దిగి, చెంపలు వేసుకున్నాడు. శీనప్ప వచ్చి ఆ రాయిని చూశాడు. అది తన రాయే అని ఆయనకు తెలుసు. తెలిసి ఏం చేయగలడు? పసుపు పూసిన రాయిని పీకమని ఏ కూలివాడికి చెప్పగలడు? ఎదురింటి అవ్వ ఒకామె కర్ర పొడుచుకుంటూ వచ్చి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి, తలాడించి, "మారెమ్మ" అని తేల్చేసింది. అంతే, మారెమ్మ అయింది. స్థలాన్ని బట్టి పార్కు మారెమ్మ అయింది. ఆ రోజు టీచరు మా ఇంట్లో ఉగ్గాని తిని, గెలిచిన జట్టును మెచ్చుకున్నట్టు నా వీపు చరిచి, ఇంటికి పోయి నిద్రపోయింది. అక్కడే కొంప మునిగింది.

రాయి ఊరికే ఉంటుందా? వారం తిరక్కుండా ఎవరో నాలుగు ఇటుకలు పేర్చి గట్టు కట్టారు. ఎవరి పాపకో జ్వరం తగ్గిందని పైన రేకుల కప్పు పడింది. తరువాత మైకు. తరువాత కమిటీ. కమిటీకి ప్రెసిడెంటు ఎవరు? శీనప్ప! నాకు ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. కట్టిన ఫ్లెక్సీలో అమ్మవారు అరచేయంత, శీనప్ప నిలువెత్తు. "తల్లి మా రాతి రూపంలోనే వెలిసింది, అది మా పూర్వజన్మ సుకృతం" అని మైకులో చెప్పుకున్నాడు. అబద్ధం అనడానికి లేదు, రాయి ఆయనదే కదా! ఆ సుకృతం పేరు చెప్పి స్థలం మొత్తానికీ గోడ లేచింది, గేటు పడింది, గేటుకు బీగం పడింది. తాళం చెవి ప్రెసిడెంటు దగ్గర. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పూజకు తీసేవారు. మిగిలిన పొద్దంతా లోపల శీనప్ప కూసాలు, ఇసుక, ఆయన కారు సుఖంగా ఉండేవి. మేము ఖోఖోకు పోతే కమిటీ మనిషి ఒకడు, "అమ్మవారి జాగాలో ఆడపిల్లలు గెంతులేసేదేంది? పోండి" అని తోలేశాడు.

మళ్ళీ మున్సిపల్ ఆఫీసు. ఈసారి కొత్త ఉద్యోగి, అదే బల్ల. "గుడి ఉండే చోట మేం చెయ్యి పెట్టలేమమ్మా. ఆ రాయి ఎవరు పెట్టినారో వాళ్ళనే అడగండి" అన్నాడు.

"నేనే పెట్టినా" అంది టీచరు.

ఆయన పెన్ను కింద పెట్టి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "మరి నన్నేంటికి అడుగుతాండారు?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె దారిలో నీళ్ళు పోతున్న కొళాయిని చూసి కూడా విజిల్ వేయలేదు. నాకు అది చూసే ఏడుపొచ్చింది. అదే వారంలో ఇంకో వార్త. అమ్మవారి జాతర అయిపోగానే గుడి పక్కన కల్యాణ మంటపానికి పునాది తీస్తారట. పెళ్ళిళ్ళకు బాడుగకిస్తారట. పునాది పడిందంటే ఇంక ఆ నేల మీద ఎవరూ ఎన్నటికీ పరిగెత్తలేరు. కోర్టుకు పోయినా, ఆకాశానికి పోయినా పునాది పడ్డాక ఇక కదలదని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం టీచరు మా ఇంటి గడప మీద కూర్చుంది. లోపల అమ్మ మగ్గం ముందర వంగి అచ్చు అతుకుతోంది. "నా చేత్తో నేనే పాతిపెట్టినా. ఆ పసుపు నాదే. ఎవర్నని తిట్టుకోవల్ల?" అని టీచరు తనను తానే తిట్టుకుంటోంది. చాలాసేపు విని విని అమ్మకు విసుగొచ్చింది.

"బీగం ఏసినారని ఏడ్చేదేంటికి టీచరమ్మా? మొక్కుబడి ఉండేటోళ్ళకు తీయనంటాడా? అంటే వాళ్ళింట్లో ఆడోళ్ళే ఆయప్పను బతకనియ్యరు."

"ఏం మొక్కుబడి?"

"మండలం పొద్దు, నలభై దినాలు, ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకుంటాం. మండలం మధ్యలో ఆపకూడదు, ఆ జాగాలో గడ్డపార ఎయ్యకూడదు. ఎవరేస్తారో చూద్దాం."

"మండలం అయిపోతే?"

అమ్మ తల ఎత్తి, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది. చేతిలో ఉన్న పోగులు చూపించింది. పాత పడుగు కొస ఒక వేలి మీద, కొత్త పడుగు పోగు ఇంకో వేలి మీద. "అయిపోనిస్తామా? ఒగరిది అయిపోకముందే ఇంగొగరిది అతుకుతాం."

టీచరు వీధంతా వినపడేలా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. "నడిచేదానికి రమ్మంటే మాకేమన్నా తిక్కా అంటివి కదే!" అంది. అమ్మకు కోపమొచ్చింది. "ఇది నడిచేది కాదు టీచరమ్మా. మొక్కు" అంది.

మరుసటి మంగళవారం మొదలైంది. చేతుల్లో పళ్ళేలు, పళ్ళేల్లో పసుపు, నిమ్మకాయలు. వీధిలో ఒక్కడు కూడా "యాడికి?" అని అడగలేదు. గేటు ముందర నిలబడి బీగం తీయమంటే కమిటీ మనిషి గింజుకున్నాడు, శీనప్పకు ఫోను చేశాడు, చివరికి తీశాడు. టీచరు ముందు నడిచింది. రాయి చుట్టూ దగ్గరగా కాదు, గోడ వెంబడి పెద్ద చుట్టు. దగ్గరగా తిరిగితే పూలు తొక్కుతాం, మైల అని చెప్పింది. అట్లాంటి నియమం ఏ ఊళ్ళోనూ లేదు, అప్పటికప్పుడు పుట్టింది. పెద్ద చుట్టు దారిలో శీనప్ప కూసాలు అడ్డమొచ్చాయి. ప్రదక్షిణకు అడ్డం ఉండకూడదని ఆడవాళ్ళు గోల చేస్తే, పాపం, ఆ ట్రాక్టరే మళ్ళీ వచ్చి ఎత్తుకుపోయింది. కారు పోయింది. ఇసుక పోయింది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం గుంపు. ఒకామె మండలం చివరికి వస్తుంటే ఇంకొకామె కంకణం కట్టుకునేది. మా అమ్మ లెక్కన ఒక్క పోగు తెగలేదు. మంటపం కోసం సున్నంతో ముగ్గు పోసి పోయారు ఒకరోజు. సాయంత్రానికి కాళ్ళ కింద పడి ఆ సున్నం గీత ఆనవాలు లేకుండా పోయింది.

జాతర అయిపోయింది, ఇంకో పండగ కూడా వచ్చిపోయింది. శీనప్ప ఒక సాయంత్రం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మొహంలో ఆ నవ్వు అట్లాగే ఉంది గానీ కొంచెం నీరసించింది.

"ఈ మండలాలు ఎప్పటికి అయిపోతాయి టీచరమ్మా?"

"నాది అయిపోవస్తాండాదప్పా. ఈయమ్మది నిన్న మొదలాయ" అని ఆమె మా అమ్మను చూపించింది, నడక ఆపకుండానే.

ఆయన ఆమె పక్కన నడవాల్సి వచ్చింది, మాట వినపడాలంటే. "ఇంతమంది ఏం మొక్కుకున్న్యారు? ఊరంతా ఒకేసారి ఏం కష్టమొచ్చె?"

"మొక్కు బయటికి చెప్తే ఫలించదు శీనప్పా. నీకు తెలీదా? కమిటీ ప్రెసిడెంటువి."

ఆయన ఒక చుట్టు పూర్తిగా తిరిగి, రొప్పుతూ గేటు దగ్గర ఆగిపోయాడు. మంటపం తరువాత బైపాసు దగ్గర ఇంకో స్థలంలో కట్టాడని విన్నాం. గేటుకు బీగం వేయడం మెల్లగా మానేశారు. ఆడవాళ్ళే తిరగాలా అని మా నాయన కూడా ఒకరోజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. మోకాళ్ళను తిట్టుకుంటూనే రెండు చుట్లు తిరిగాడు, మరునాడు మళ్ళీ వచ్చాడు. అమ్మవారి ముందర కాకుండా వెనక వైపున మా ఖోఖో మళ్ళీ మొదలైంది. ఇక్కడితో కథ చక్కగా ముగిసిందనుకుంటారేమో. లేదు. ఇంకో ఏడాదికి మున్సిపాలిటీకి హఠాత్తుగా జ్ఞానోదయమై నాలుగు సిమెంటు బెంచీలు వేసి, పార్కును ప్రారంభించింది. శిలాఫలకం మీద "పార్కు కోసం కృషి చేసినవారు" అని చెక్కారు. కింద శీనప్ప పేరు! టీచరు ఆ రాయి ముందర నిలబడి, "ఇది కూడా వాని రాయే" అని, విజిల్ తీసి పిచ్చికోపంతో ఊదింది. పిల్లలు ఆట మొదలైందనుకుని పరిగెత్తారు.

నేను ఫిజియోథెరపీ చదివింది కూడా ఆమె మూలంగానే. "ఊరంతా నడుములు పోయినోళ్ళే. ఆ చదువేదో చదువు, ఎవురికన్నా పనికొస్తావు" అని నాయనతో తగువు పెట్టుకుని మరీ పంపించింది. రిటైరయ్యాక పెనుకొండలో చెల్లెలి ఇంట్లో ఉండేది. నేను హిందూపురంలో స్థిరపడ్డాక వీలైనప్పుడల్లా బస్సెక్కి పోయేదాన్ని. ఎప్పుడు పోయినా ఆమె కోపం తాజాగా ఉండేది. అక్కడ కొండ కింద పిల్లలు వాలీబాల్ ఆడే జాగాలో ఎవరో జేసీబీలు నిలుపుకుంటున్నారట. "ఈ వయసులో మీకెందుకు టీచర్ ఇదంతా?" అంటే, "వయసుకూ బుద్ధికీ ఏం సంబంధం? కళ్ళు కనపడతాండాయి కదా" అనేది. చివరిసారి పోయినప్పుడు మంచం మీదే ఉంది. చెయ్యి ఎండిన కట్టెలా ఉంది. ఆ కాళ్ళు, మమ్మల్నందరినీ పరిగెత్తించిన కాళ్ళు, దుప్పటి కింద కదలడం లేదు. నాకు వచ్చిన చదువంతా వాటి ముందు పనికిరాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఇప్పుడైనా చెప్పండి టీచర్. పార్కు మారెమ్మకు ఏం మొక్కుకున్నారు?"

ఆమె కళ్ళు మూసుకునే నవ్వింది. "ఈడ నీకు గుడి కట్టకూడదు తల్లీ అని మొక్కుకున్న్యా. ఆయమ్మ ఎప్పుడో ఒప్పుకుండాది శశీ. కమిటీనే ఒప్పుకోల్యా."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె నా మణికట్టు పట్టుకుంది. "రాయి పాతింది తప్పు కాదే. పాతి, గెలిచినామని ఇంటికి పోయి పండుకున్న్యా చూడు, అదీ తప్పు. ఖాళీగా ఉండే జాగాను ఏ రాయీ కాయదు. మనుషులు రోజూ తొక్కుతా ఉండల్ల." ఆ తరువాత నెల తిరక్కుండా ఆమె పోయింది. పెనుకొండలో ఆమెను సాగనంపి వచ్చేటప్పుడు బస్సు ఆ వాలీబాల్ జాగా పక్కనుంచే వచ్చింది. జేసీబీలు అక్కడే ఉన్నాయి. ఏడవాల్సిన దాన్ని, బస్సు కిటికీలోంచి ఆ డ్రైవర్లను తిట్టుకుంటూ వచ్చాను.

నిన్న రాత్రి ఇదంతా మళ్ళీ నా కళ్ళ ముందర తిరిగింది. మా వీధి చివర ఆ రాయి ఎవరు పెట్టారో నాకు తెలియదు. స్థలం కాజేయడానికి పెట్టారో, కాపాడడానికి పెట్టారో, నిజంగా భక్తితోనే పెట్టారో. ఎవరు పెట్టినా, నాలుగు ఇటుకలు రావడానికి వారం చాలు. అందుకని పొద్దున్నే లేచి ఒక పళ్ళెంలో పసుపు, రెండు నిమ్మకాయలు పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చే నడుము నొప్పుల వాళ్ళలో దగ్గర్లో ఉండే ఇద్దరు ఆడవాళ్ళకు ఫోను చేశాను. నడుద్దాం రండి అనలేదు. అంటే వాళ్ళు రారని మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మండలం మొక్కు మొదలుపెడదాం రండి అన్నాను. చెప్పిన వేళకు ముందే వచ్చి నిలబడ్డారు. కంపను కర్రతో పక్కకు నెట్టి, పందులను అదిలించి, గోడలు లేని ఆ స్థలం అంచు వెంబడి పెద్ద చుట్టు మొదలుపెట్టాం. ఎందుకింత దూరంగా అని ఒకామె అడిగితే, దగ్గరగా తిరిగితే పూలు తొక్కుతాం అని టీచరు మాటే చెప్పాను.

రెండో చుట్టులో ఉండగా రామాంజనేయులన్న పాలప్యాకెట్లతో వచ్చి ఆగాడు. మమ్మల్ని చూశాడు, రాయిని చూశాడు.

"ఏం మొక్కుకున్న్యావు తల్లీ?"

"మొక్కు బయటికి చెప్పకూడదన్నా."

"అదీ నిజమే" అన్నాడాయన. పాలప్యాకెట్లు రాయి పక్కన పెట్టి, చెప్పులు విడిచి, మా వెనక నడవడం మొదలుపెట్టాడు.